తుపానులో కబురందించే చిన్న రేడియో



1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు తంతి స్తంభాలు కూలిపోయినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు సెల్‌ఫోన్లు జనం చేతిలోనే వున్నవి. కాని కరెంటు పోయి, చార్జింగు అయిపోయాక, ఫోను వుండీ ఏం లాభం?

అటువంటి వేళ పనికొచ్చే చిన్న సాధనం ఒకటి వున్నది. కంప్యూటరుకు తగిలించే రేడియో పలక. దీని పద్ధతిని లోరా అంటారు. అగ్గిపెట్టెకన్న కొంచెం పెద్దది. చిన్న బ్యాటరీతో నడుస్తుంది. కబురును ఈల వేసినట్లు, పైకి జారే స్వరంగా పంపుతుంది. అందువల్ల గోలలో మునిగిపోయిన సంకేతాన్ని కూడా అవతలి పలక పట్టుకోగలదు. అయితే నడక చాలా నెమ్మది. ఫోటోలు, మాటలు పోవు. "నీరు మోకాలి లోతు, పడవ కావాలి" వంటి పొట్టి కబురు పోతుంది. అంతకన్న కావలసింది ఏముంది? నాట్లనాడు నారుకట్టలు చేయి మార్చి చేయి అందించినట్లు, ఒక పలక కబురును ఇంకొక పలకకు అందిస్తూ పోతుంది.

అమెచ్యూర్ రేడియోవారు దీన్ని తమ పనికి మలచుకునే తీరు చూడండి. మన దేశంలో వారికి 434 నుండి 438 మెగాహెర్ట్జ్ వరకు అనుమతి వున్నది. అందులోనే పలకను పెట్టాలి. ఇటువంటి పలకలు తరచు కబురును రహస్య లిపిలో పంపేటట్లు అమర్చబడి వస్తవి. దాన్ని తీసివేయాలి, ప్రతి కబురుకు పిలుపు గుర్తు చేర్చాలి. లైసెన్సు లేనిదే ప్రసారం చేయరాదు. పరీక్షకు తయారుకాదలచినవారికి 1983లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వున్నది. ధాన్యం బేరాలు ఈ బ్యాండులో మాట్లాడరాదు. పొలంలో నీటిమట్టం వంటివి తెలుసుకోవడానికి లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్ వేరే వున్నది, నిర్ణీత శక్తికి లోబడి.

ఇక ఏరియల్. అసలు సంగతంతా ఇక్కడే. 435 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం సుమారు 17 సెంటీమీటర్లు; 866కు అందులో సగం. ఏరియల్ బిగించకుండా మీట వేస్తే పలక కాలిపోవచ్చు. మన డెల్టా పళ్లెంలా చదునుగా వుంటుంది గనుక ఎత్తే బలం. 9 మీటర్ల గడ మీద నుండి దిగంతం 11, 12 కిలోమీటర్ల దూరాన వుంటుంది. నడుమ కొబ్బరితోపులు, మేడలు అడ్డుపడితే దూరం తగ్గుతుంది. దుకాణదారు చెప్పే దూరాన్ని నమ్మి గడ పాతకండి, నడిచి పరీక్షించి చూడండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి అతుకులు తుప్పుపడతవి. రబ్బరు టేపు గట్టిగా చుట్టండి.

కొనేటప్పుడు పలకమీద అచ్చువేసిన అంకె చూడండి. 868 అని వున్నది 434లో సరిగా పనిచేయదు. 433 అని వున్నది అమెచ్యూరువారికి సరిపోతుంది, దాన్ని 434కు పైన అమర్చుకుంటే చాలు.