ఎడమకాలికి సెలవు

క్లచ్చి తొక్కీ తొక్కీ నా ఎడమ మోకాలు సహాయనిరాకరణ మొదలుపెట్టింది. ఉద్యోగం జగిత్యాలలో, అక్కగారిల్లు సిరిసిల్లలో. కారు మానుకుందామంటే కుదిరే పని కాదు. ఇక ఆటోమాటిక్ కారే శరణ్యమని, గల్ఫులో చాలాకాలం అటువంటి బండ్లే నడిపి కోరుట్ల చేరుకున్న మా బావమరిదిని పట్టుకున్నాను.

బేరానికి రెండు కార్లు దొరికాయి. రెండూ చేతులు మారినవే. పాతదానికి నాలుగు గేర్లు, తరువాతిదానికి ఆరు. ధరలో తేడా రెండు లక్షలు! గేర్లు మార్చేది నేను కానప్పుడు అవి నాలుగైతే నాకేమి, నలభై అయితే నాకేమి? మా ఆవిడ వాదమూ ఇదే. ఆ రెండు లక్షలూ అమ్మాయి చదువుకని దాచినదాంట్లోంచి తియ్యాలి మరి.

"మాటలెందుకు బావా, నడిపి చూడు" అన్నాడతను.

కోరుట్లనుంచి జగిత్యాల వచ్చే జాతీయ రహదారిమీద ముందు నాలుగు గేర్ల బండి ఎక్కాము. లారీని దాటబోయి పెడలు నొక్కాను. ఇంజను గావుకేక పెట్టింది గాని, బండి ఆ కేకకు తగినట్టు కదలలేదు. ఆరు గేర్లదానిలో అదే పని గుట్టుగా జరిగిపోయింది.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఇంజను అన్ని వేగాలలోనూ ఒకే తీరుగా పనిచెయ్యదు. అది తక్కువ పెట్రోలుతో ఎక్కువ పని ఇచ్చే వేగం ఒకటుంటుంది. దాన్ని ఆ దరిదాపుల్లో నిలపడమే గేర్ల పని. మెట్లు నాలుగే అయితే ఒక్కొక్క మెట్టూ ఎత్తు. ఆరైతే అడుగు సులువు. పైగా చివరి గేరులో, తెరిపి రోడ్డుమీద, ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది.

1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కారుతో వచ్చిన హైడ్రామాటిక్‌కు నాలుగు గేర్లు. 1950లో షెవర్లేవారి పవర్‌గ్లైడ్‌కు రెండే! ఆపైన చాలా ఏళ్ళు మూడు, నాలుగుతో సరిపెట్టుకున్నారు. పోటీ తరువాత ముదిరింది. 2003లో మెర్సిడెస్‌కు ఏడు, 2009లో జర్మనీ జడ్.ఎఫ్. కంపెనీకి ఎనిమిది, 2013లో తొమ్మిది. ఫోర్డు, జనరల్ మోటార్సు కలిసి పది. మనదేశంలో బ్రెజా, ఎర్టిగా పెట్రోలు ఆటోమాటిక్‌లకు నాలుగు పోయి ఆరు వచ్చింది 2022లో.

తెలుగు మాస్టారిని గనుక ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆ గేరుపెట్టెలో నడిమి చక్రం పేరు సూర్యుడు. చుట్టూ తిరిగేవి గ్రహాలు! ఒక చక్రాన్ని పట్టి ఆపి మరొకదాన్ని వదిలితే గేరు మారుతుంది. చమురు ఒత్తిడితో పనిచేసే క్లచ్చులు ఆ పట్టువిడుపులు చూస్తాయి. ఎప్పుడన్నది కంప్యూటరు చెబుతుంది. ఎనిమిది గేర్లకు ఎనిమిది కూటములు కావాలనుకునేరు! జడ్.ఎఫ్.వారు నాలుగింటితోనే సరిపెట్టారు.

అయితే నాలుగునుంచి ఆరుకు వస్తే కనబడే లాభం ఎనిమిదినుంచి పదికి పోతే కనబడదు. విద్యుత్తు కార్లలో చాలావాటికి ఒకటే గేరు. మోటారు మొదటి కదలికనుంచే బలంగా లాగుతుంది గదా!

చివరకు మా ఆవిడే, "ఆ అరుపు నేను భరించలేను, ఆరుదే తీసుకోండి" అన్నది. మరునాడే వేములవాడమీదుగా సిరిసిల్ల వెళ్ళాము. మరమగ్గాల వీధిలో ఇంజను అసలే వినబడలేదు. అక్కగారి వాకిట్లో ఆపబోతూ, అలవాటుకొద్దీ ఎడమకాలు చాచాను.

"కాలు వెనక్కి తియ్యి బావా!" అని అరిచాడు బావమరిది. "క్లచ్చనుకొని బ్రేకు తొక్కేవు!"