ఓటమికి కారణాలెన్నో, నిందకు ఒక్కడే

2018 మే 26న కీవ్ నగరంలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ తుదిపోరులో లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు 3-1 తేడాతో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓడిపోయింది. తొలి అర్ధభాగంలోనే సలాహ్ గాయపడి మైదానం వీడాడు. అయినా అభిమానుల ఆగ్రహమంతా గోల్‌కీపర్ లోరిస్ కారియస్ మీదే విరుచుకుపడింది. అతని రెండు పొరపాట్లు రెండు గోల్స్‌గా మారాయి. ఆట ముగిశాక అతడు కన్నీళ్లతో అభిమానుల ముందుకు వెళ్లి క్షమాపణ కోరాడు. అయినప్పటికీ చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి.

కొద్ది రోజులకు బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి వైద్యులు అతన్ని పరీక్షించారు. ఆ మ్యాచ్‌లో తగిలిన దెబ్బకు మెదడు అదిరిందనీ, దానివల్ల చూపు, అంచనా దెబ్బతిని ఉండవచ్చనీ తెలిపారు. తొలి పొరపాటుకు కాసేపటి ముందే ప్రత్యర్థి రామోస్ మోచేయి అతని తలకు తాకింది.

ఇదంతా సాకేనని కొందరు కొట్టిపారేశారు. సాకే అనుకుందాం, చేజారిన బంతికి శిక్ష ప్రాణభయమా?

మ్యాచ్ ఓడిన రాత్రి మన ఇళ్లలోనూ ఎవరో ఒకరి పేరు తిట్లలో నలుగుతుంది. పక్కనే కూర్చున్న పిల్లలు ఆటతోపాటు ఆ తీర్పునూ నేర్చుకుంటారు. రేపు బడిలో తడబడిన తోటి విద్యార్థి మీద వారు ప్రయోగించేది ఆ మాటలనే. నిజం తెలిసేవరకు నాలుకను ఆపుకోవడం వారికి మనమే చూపించాలి.