మా చేపల కాపురం

పెరంబూరులో మా ఇంటికి వచ్చినవాళ్ళు హాల్లో పక్కపక్కనే ఉన్న రెండు గాజుతొట్లను చూసి, "రెండూ ఒకే రకం చేపలేగా, రెండు తొట్లెందుకండీ?" అని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ వంటింట్లోంచి, "అదంతా ఆయన జాలిగుండె చలవ!" అంటుంది. ఆ జాలి కథ చెబుతాను, వినండి.

2018లో నేను రిటైరయ్యాను. అప్పుడు మా మనవరాలికి ఆరేళ్ళు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నిమో' సినిమాని అది ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. నారింజరంగు ఒంటిమీద మూడు తెల్లపట్టీలుండే ఆ క్లౌన్ ఫిష్ కావాలని పట్టుబట్టింది. రంగుచేపల వ్యాపారానికి పేరుపడ్డ కొళత్తూరు మాకు దగ్గరే. అయితే అక్కడ ఎక్కువగా దొరికేవి మంచినీటి చేపలు. ఉప్పునీటివి అమ్మే కొట్టు వెతుక్కోవలసి వచ్చింది. ఉప్పు కొలిచి కలపడం, నీళ్ళు కుదురుకునేదాకా వారాల తరబడి ఖాళీతొట్టి ముందు కూర్చోవడం, ఆ బాధలన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను.

"ఒక ఆడ, ఒక మగ ఇవ్వు బాబూ" అని అడిగితే కొట్టతను నవ్వాడు. "రెండూ పిల్లలు సార్. ఎవరు ఆడో ఎవరు మగో అవే తేల్చుకుంటాయి" అన్నాడు. బేరం తగ్గించుకోవడానికి ఏదో చెబుతున్నాడనుకున్నాను. రెండు పిల్లల్ని తెచ్చాను. ఒకటి రవ్వంత పెద్దది.

మూడోరోజుకల్లా పెద్దది చిన్నదాన్ని తరమడం మొదలుపెట్టింది. తోకని కొరికేది. చిన్నది పారిపోయేది కాదు. పక్కకి ఒరిగి, చలిజ్వరం వచ్చినట్టు ఒళ్ళంతా గజగజ వణికించేది. తిండి మాత్రం మానలేదు. ఆ సంగతి నేను పట్టించుకోలేదు. అత్తవారింట్లో ఆరళ్ళు పడే కోడలిలా కనిపించింది నాకు. "వద్దు తాతయ్యా, అవి ఆడుకుంటున్నాయి" అని మనవరాలు అంటున్నా వినకుండా రెండో తొట్టి కొని చిన్నదాన్ని వేరుకాపురం పెట్టించాను.

పద్నాలుగు నెలలు గడిచాయి. రెండూ ఏపుగా ఎదిగాయి. ఇంక గొడవ ఉండదులే అని 2020 జనవరిలో మళ్ళీ కలిపాను. కలిపీ కలపగానే ఒకదాని నోరు ఒకటి కరుచుకుని గిరగిర తిరిగాయి. ఈసారి ఏదీ వణకలేదు. నేను వలతో విడదీసేసరికి ఒకప్పటి చిన్నదాని రెక్క చీలిపోయింది. అది మానడానికి నెల పట్టింది.

అప్పుడు మళ్ళీ ఆ కొట్టతని దగ్గరికే వెళ్ళాను. అతను చెప్పినదానికి తోడు దొరికిన పుస్తకాలు కూడా చదివాక నేను చేసిన నిర్వాకం బోధపడింది. సముద్రంలో ఈ చేపలు సీ ఎనిమోన్ అనే జీవిలో కాపురముంటాయి. చూడటానికి పువ్వులా ఉన్నా దాని వేళ్ళనిండా విషమే. ఒక్కో ఎనిమోన్‌లో ఒక్కో కుటుంబం. అందరికంటే పెద్ద చేప ఆడది, ఆ తరువాతి సైజుది దాని మొగుడు, మిగతావి వరుసకోసం కాచుకునే చిన్నవి. ఆడది చచ్చిపోతే మొగుడే ఆడదవుతుంది. కాచుకున్నవాటిలో పెద్దది మగస్థానానికి వస్తుంది. పెత్తనాన్ని బట్టి ఇలా లింగం మారుతుందని 1977లో ఫ్రికె అనే ఇంటిపేరుగల శాస్త్రవేత్తలు ఇద్దరు 'నేచర్' పత్రికలో రాశారు. ఒకసారి ఆడదైతే మళ్ళీ మగ కావడం లేదు.

2003లో పీటర్ బస్టన్ అనే శాస్త్రవేత్త పపువా న్యూ గినీ చేపల గురించి రాసినది ఇంకా విచిత్రం. కింది వరుస చేప తన పైదానికంటే కొంత చిన్నగానే ఉండేలా ఎదుగుదలని అదుపులో పెట్టుకుంటుందట. పైదానికి సమానంగా ఎదిగితే గెంటేస్తారు మరి. ఎనిమోన్ దాటితే పెద్ద చేపల నోట్లోకే.

అంటే ఆ వణుకు చావుభయం కాదు. 'నువ్వే పెద్ద, నేను నీ కింద ఉంటాను' అని ఒప్పుకోవడం. సంబంధం కుదిరిన రోజునే నేను పెళ్ళి చెడగొట్టానన్నమాట! పైన పెత్తనం చేసేవాళ్ళు లేకపోయేసరికి చిన్నదానికి చిన్నగా ఉండే అవసరం తప్పింది. రెండు తొట్లలో ఇద్దరు మహారాణులు తయారయ్యారు.

ఆ లెక్కన సినిమాలో తల్లి పోయాక తండ్రి ఆడచేప కావాలి. ఈ మాట మనవరాలికి చెబితే కాసేపు ఆలోచించి, "అయితే నిమోకి మళ్ళీ అమ్మ వచ్చినట్టేగా" అంది.

ఇక దారి ఒకటే, ఒక్కోదానికీ అంగుళం పొడవు పిల్లని జత తేవడం. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన కేంద్రంవారు ఈ జాతిని తొట్లలోనే పుట్టించి పెంచారు. మీరు కొంటే అలా తొట్టిలో పుట్టిన పిల్లల్నే అడగండి. వాటికి ఎనిమోన్ కూడా అక్కర్లేదు, మావి మట్టికుండ పెంకులో పడుకుంటాయి. కొత్తదాన్ని చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అయిదురోజులు తొట్టిలోనే ఉంచాను. తరువాత దీపం తగ్గించి వదిలాను. తరుముడు మొదలైంది. నా చెయ్యి వలమీదికి పోయింది. మా ఆవిడ వల లాక్కుని బీరువామీద పడేసింది. పావుగంటకి చిన్నది పక్కకి ఒరిగి వణికింది. ఆ వణుకు చూసి అంత సంతోషపడతానని అనుకోలేదు.

రెండో తొట్టిలో అంత సులువు కాలేదు. కొత్తపిల్ల తోక చిరిగి, తిండి మానేసి, నీటిపైన మూలకి చేరింది. వణుకు లేని తరుముడు, చిరిగిన రెక్కలు, తిండి మానడం, ఇవి కనిపిస్తే ఆలస్యం చెయ్యకూడదు. దాన్ని పదిరోజులు మళ్ళీ డబ్బాలో ఉంచి వదిలితే గాని కుదరలేదు.

2021 ఆగస్టులో మొదటి జంట కుండపెంకుమీద నారింజరంగు గుడ్లు పెట్టింది. మగది రెక్కలతో వాటికి రాత్రింబవళ్ళు విసురుతూనే ఉంది. పాడైన గుడ్లని ఏరేసింది. ఆడది కాపలా. అద్దం తుడవబోతే నా వేలు కరిచింది! ఎనిమిదోరాత్రి దీపం ఆర్పాక పిల్లలు బయటికొచ్చాయి. వాటికి కంటికి ఆననంత సన్నటి బతికున్న మేత కావాలి. నా దగ్గర అది లేదు. తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. మనవరాలు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఆ జంట ఇప్పటికీ గుడ్లు పెడుతూనే ఉంది. రెండో తొట్టి జంట ఇంకా పెట్టలేదు. తరుముడూ వణుకూ మాత్రం రోజూ ఉంటాయి. వల బీరువామీదే ఉంది.