డిస్కుల సమీకరణము – సర్వరు మౌనము

నెలలో తొలి ఆదివారము. తెల్లవారుజామున సర్వరు పలుకుట మానినది. పింగ్‌కు జవాబు వచ్చుచున్నది గాని, లోనికి ప్రవేశింపబోయిన నిమిషములు గడచుచున్నవి. ప్రాసెసరు దాదాపు ఖాళీ. లోడు అంకె మాత్రము ముప్పది దాటినది. ఈ వైరుధ్యమునకు కంగారుపడి మీట నొక్కి యంత్రము నాపువారు పలువురు కలరు.

ఒక డిస్కు చెడినను సమాచారము నిలుచునట్లు చవక డిస్కులను కూర్చు విధానమునకు 1987లో బర్క్లీ విశ్వవిద్యాలయమునకు చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు 'రెయిడ్' అని పేరిడిరి. ఈ కూటమిలోని డిస్కులు ఒకదానితో నొకటి సరిపోవుచున్నవో లేదో అప్పుడప్పుడు చూడవలసియుండును. డెబియన్ లినక్సులో ఈ పరిశీలన నెలకొకసారి, మొదటి ఆదివారమున, తనంతట తానే మొదలగును.

నిమిషమునకు 7,200 మార్లు తిరుగు డిస్కు వరుసగా చదువునపుడు సెకనుకు 150 మెగాబైట్ల నందింపగలదు. అక్కడొకటి, ఇక్కడొకటి వెదకవలసినచో సెకనుకు వంద పనులు చేయుటే కష్టము. సమీకరణము మొదటి తరహా పని, మన అభ్యర్థనలు రెండవ తరహావి. హెడ్డులను మోయు చేయి ఒక్కటే గదా! డిస్కు కొరకు కాచుకొన్న పనులను కూడ లినక్సు లోడులో కలుపును. ప్రాసెసరు ఖాళీగా నుండియు లోడు పెరుగుటకు కారణమిదియే.

లినక్సు ఎండీలో సమీకరణ వేగమునకు రెండు హద్దులున్నవి. డిస్కుకు సెకనుకు కనిష్ఠము 1,000, గరిష్ఠము 2,00,000 కిలోబైట్లు. ఇతరులకు పనియున్నపుడు వేగము కనిష్ఠము వరకు దిగును. త్వరగా ముగియవలెనని ఎవరో ఒకప్పుడు కనిష్ఠమును 50,000కు పెంచి మరచియుందురు. తొలుత అనుమానింపవలసినది దీనినే. అట్లని మరీ తగ్గించినను చిక్కే. 1,000 వద్ద నాలుగు టెరాబైట్ల డిస్కు ముగియుటకు నెలన్నర పట్టును!

ఎండీస్టాట్‌లో 'చెక్' అని యున్నచో 'ఐడిల్' అని వ్రాసి పరిశీలనను నిర్భయముగా నాపవచ్చును. 'రికవరీ' అని యున్నచో ఆపరాదు. రెయిడ్ ఐదులో అది ముగియువరకు ఇంకొక డిస్కు పోయిన సర్వము పోవును. అట్టి స్థితిలో కరెంటు తీసినచో, వ్రాత మధ్యలో తెగిన కూటమిని ఎండీ తిరిగి ప్రారంభించుటకు నిరాకరింపవచ్చును. మీట జోలికి పోరాదనుట ఇందుకే.

హద్దులు సరిగానుండి, అభ్యర్థనలు లేకున్నను వేగము పడిపోయినచో ఏదో యొక డిస్కు జబ్బుపడినదని గ్రహింపవలెను. గృహోపయోగపు డిస్కు చదువలేని చోటును విడువక నిమిషముల తరబడి ప్రయత్నించును. లినక్సు 30 సెకన్లు మాత్రమే ఓర్చును. డిస్కు అంగీకరించిన, దాని పట్టుదలను 7 సెకన్లకు కుదింపవలెను. అంగీకరింపనిచో లినక్సు ఓర్పును 180 సెకన్లకు పెంచవలెను. కేబులు వదులైనను లక్షణము లిట్లే యుండును. కావున కొత్త డిస్కు కొనుటకు ముందు దానిని బిగించి చూడుడు.