గాలి మన మాట వినదు

వానలు, వ్యాధులు, భర్తగారి బదిలీలు, బిడ్డల పరీక్షాఫలితములు — ఇవి యేవియు మన వశములోనివి కావు. అయినను దినమున సగము వీనిని గూర్చిన చింతతోనే గడపుచున్నాము. ఇట్టివి వచ్చిపడినపుడు గృహిణి యేమి చేయవలయును? గ్రంథములలో మేము వెదకిన సమాధానము మాకు ఒక తుపానులో దొరకినది.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. మాది ఆ ప్రాంతపు పల్లె. ఉపాధ్యాయులైన మా వారు, పొరుగూరి పాఠశాలలో తలదాచుకొన్న జనులకు సాయముగా ముందునాడే వెళ్లిరి. ఇంట మేమును, మా అత్తగారును, చంటిబిడ్డయును మిగిలితిమి. పైకప్పు పెంకులు లేచిపోవుచుండగా మేము తలుపువైపే చూచుచు, "వారెట్లున్నారో" యని విలపించుచుంటిమి.

అంతట అత్తగారు, "అమ్మాయీ! గాలి నీ మాట వినునా? బియ్యము తడియుచున్నవి, ఇటు రా" అనిరి. ఇద్దరము బియ్యపు డబ్బాలను మంచముమీది కెక్కించితిమి. బిందెలలో మంచినీరు నింపి మూతలు పెట్టితిమి. ఆవు పలుపు ఆమె ఉదయమే విప్పియుంచిరి. నడుమ గాలి చటుక్కున నిలిచినది. బయటికి పోబోయిన మమ్ము ఆమె ఆపిరి. అది తుపాను కన్ను. అది దాటగానే గాలి ఎదురుదిక్కునుండి మరల విజృంభించును. అట్లే జరిగినది. మా మామగారు నాటిన పనసచెట్టు పశువులకొట్టముమీద కూలెను. కట్టు లేకుండుటచే ఆవు తప్పించుకొన్నది.

ఫోనులు మూగవోయినందున మా వారి వార్త తెలియలేదు. మూడవనాడు వారు నడచి వచ్చిరి. అంతవరకు కంట తడి పెట్టని అత్తగారు, కొడుకును చూచిన పిమ్మట, కూలిన చెట్టు చెంత కూర్చుండి చాలసేపు ఏడ్చిరి. మేము వారింపలేదు. దుఃఖమునకును ఒక వేళ యుండవలయును గదా!

రామాయణమున సీతాదేవికి చెఱ వీడుట తన వశములో లేదు. అయినను రావణునితో మాటాడునపుడు నడుమ నొక గడ్డిపరక నుంచినది. అంతమాత్రము ఆమె చేతిలో నుండెను.

దీనిని విధికి లొంగుట యని తలంపరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు సుమారు 10,000 మంది మరణించిరి. 1990 మే నెలలో ఆంధ్రతీరమునకు మరియొక ప్రచండమైన తుపాను వచ్చినది. ముందుగనే లక్షకుపైగా జనులను తరలించుటచే మృతుల సంఖ్య 1,000 లోపున నిలిచినది. గాలిని ఎవరును ఆపలేదు. చేయగలిగిన పని వేళకు చేసిరి.

కావున చింత ముసిరినపుడు, "ఇందు నా చేతికి అందునది యేది?" యని మనలను మనమే అడుగుకొందము. అది యెంత చిన్నదైనను మొదట దానిని చేయుదము. నాడు మేము కాపాడినవి రెండు డబ్బాల బియ్యము మాత్రమే. మరునాడు ఇల్లు కూలిన ఇరుగుపొరుగువారికి గంజి కాచి పోసినది ఆ బియ్యముతోనే.