గుప్పెడు రబ్బరే... గుండెకు ఆసరా!

పాత కారు వణికిందంటే ఇంజిన్ పాడైందనే అనుకుంటాం. చాలాసార్లు పాడయ్యేది ఇంజిన్ కాదు, దాన్ని మోసే రబ్బరు దిమ్మె. మార్చడం పెద్ద పనేం కాదు. కానీ తొందరపడితే చేతివేళ్లకే ముప్పు!

మే నెల మధ్యాహ్నం. కర్నూలులో బయల్దేరి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పాత అంబాసిడర్‌లో ప్రయాణం. బండి ఆగితే చాలు... గేరు రాడ్డు గజగజ వణుకుతుంది. క్లచ్ వదలగానే ఎక్కడో కింద 'ధన్'మని మోత. 'పాత బండి కదా, అంతే!' అని సర్దుకుంటాం. అక్కడే పొరబడేది. బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్‌కు చెరో పక్కన ఇనుప బ్రాకెట్ల మధ్య రబ్బరు దిమ్మెలు కనిపిస్తాయి. షెడ్లలో వీటినే మౌంటింగులనీ, ఫౌండేషన్లనీ అంటారు. గేర్‌బాక్సు కింద కూడా ఇలాంటి ఆసరానే ఉంటుంది. గేర్‌బాక్సుతో కలిపి 150 కిలోలకు పైబడిన బరువును మోసేది ఇవే. ఇంజిన్ అదురు మనదాకా రాకుండా మింగేసేదీ ఇవే.

స్పోర్ట్స్ కారుకూ చుట్టమే!

బ్రిటన్‌లో 1955లో ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వచ్చింది. మొదట్లో దాని ఇంజిన్ 1489 సీసీ బి-సిరీస్. 1959 నుంచి మన అంబాసిడర్‌కు అమర్చిందీ ఆ కుటుంబానికి చెందిన 1489 సీసీ ఇంజినే. ఒకటి రేసుల కోసం పదును పెట్టింది, ఇంకొకటి కలెక్టరు గారిని ఊళ్లు తిప్పింది... అంతే తేడా. అందుకే అంబాసిడర్ ఇంజిన్ దించి ఎక్కించిన మేస్త్రీకి ఆ స్పోర్ట్స్ కారు ముందు బెరుకు అక్కర్లేదు. బ్రాకెట్లు, కొలతలు వేరు కావచ్చు. విప్పే సూత్రం మాత్రం ఒకటే.

ఎండా నూనే శత్రువులు

తొలినాళ్లలో చాలా కార్లలో ఇంజిన్‌ను ఛాసిస్‌కు నేరుగా బిగించేవారు. దాంతో ఒళ్లంతా హూనమయ్యేది. 1931లో అమెరికాలోని క్రైస్లర్ సంస్థ ప్లిమత్ కారులో ఇంజిన్‌ను రబ్బరు మీద తేలినట్టు కూర్చోబెట్టి ఆ బాధ తగ్గించింది. అయితే రబ్బరుకు వేడి పడదు, నూనె అసలే పడదు. 40 డిగ్రీలు దాటే సీమ ఎండకు బానెట్ కింది సెగ తోడైతే అది గట్టిపడి బీటలు వారుతుంది. ఆయిల్ కారితే మెత్తబడి, ఇనుప పలక నుంచి ఊడిపోతుంది.

ఆ తర్వాత ఏమవుతుంది? యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ ఓ పక్కకు లేస్తుంది. గట్టిగా బ్రేకు వేస్తే ముందుకు జరిగి ఫ్యాను రెక్కలు రేడియేటర్‌ను కోసేయొచ్చు. అమెరికాలో మౌంటింగు తెగి, ఇంజిన్ పైకి లేచి యాక్సిలరేటర్ ఇరుక్కుపోయే ప్రమాదం ఉందని 1971లో దాదాపు 67 లక్షల షెవర్లే వాహనాలను మరమ్మతుకు వెనక్కి పిలిచారు. గుప్పెడు రబ్బరు కోసం!

ముందు బరువు... తర్వాతే బోల్టు

మౌంటింగు విప్పేటప్పుడు జరిగే పెద్ద తప్పు నేరుగా స్పానర్ పట్టుకోవడం. బోల్టు ఊడిన క్షణం ఇంజిన్ బరువు ఎక్కడికి పోతుంది? చెయ్యి అడ్డం ఉంటే దాని మీదికే! అందుకే ఈ పనికి ఓ వరస ఉంది. చదునైన నేల మీద బండి నిలపాలి. ఇంజిన్ చల్లారాలి. చక్రాలకు దిమ్మెలు, హ్యాండ్‌బ్రేకు వేసి బ్యాటరీ తీగ తీసేయాలి. తుప్పు పట్టిన నట్లకు ముందురోజు రాత్రే నూనె పట్టిస్తే మొండికేయవు.

ఇంజిన్‌ను పైనుంచి చైన్‌బ్లాకుతోనైనా పట్టాలి, కింద జాకీతోనైనా ఆపాలి. జాకీ అయితే ఆయిల్ సంపుకు మధ్యలో వెడల్పాటి చెక్క పెట్టాలి. లేదంటే రేకు సొట్టబోతుంది. రబ్బరు మీద బరువు తేలేదాకానే లేపాలి. ఇంకా లేపితే రేడియేటర్ గొట్టాలు, సైలెన్సర్ పైపు లాగినట్టవుతాయి. ఆపై ఒక్కో పక్కే విప్పాలి. మధ్యలో పలుచని ఇనుప బిళ్లలుంటే వాటి స్థానం గుర్తు పెట్టుకోవాలి. కొత్తది పెట్టి బోల్టులు వదులుగా తిప్పి, ఇంజిన్ దించి, అది తన చోట కుదురుకున్నాకే బిగించాలి. కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. స్టాండ్లు ఉండాల్సిందే.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. దాన్ని విప్పి నేర్చుకున్న చేతులకూ వయసు మీద పడుతోంది. ఈ పనిలో వాళ్ల నుంచి కుర్రాళ్లు నేర్చుకోవాల్సింది బోల్టు ఎటు తిప్పాలన్నది కాదు... తిప్పే ముందు బరువెక్కడుందో చూసుకోవడం. అది తెలిసినవాడికి అంబాసిడరైనా ఒకటే, స్పోర్ట్స్ కారైనా ఒకటే!