ఒజా: పేరు పెట్టి పిలిచే వేణువు

ఆగ్నేయ నైజీరియాలోని ఇగ్బో ఊళ్లలో ముసుగు వేషం ఆడుతుంటే, డోళ్లూ ఇనుప గంటల హోరులోంచి పదునైన కూత ఒకటి లేస్తుంది. వేషగాడు అటు తిరుగుతాడు. ఆ కూత అతని బిరుదు. పలికినది ఒజా అనే కొయ్య వేణువు. జానెడు పొడవు, పక్కల రెండు రంధ్రాలు, అడుగున ఇంకో చిన్నది.

మన పిల్లనగ్రోవిలా అడ్డంగా కాక, దీన్ని నిలువుగా పట్టి, కింది పెదవికి ఆనేలా చెక్కిన వెడల్పాటి మూతి మీదుగా ఊదుతారు. ఖాళీ సీసా మూతి మీద ఊదినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. సన్నని గాలిపాయ అంచుకు తగిలి లోపలికీ బయటికీ ఊగుతుంది, ఆ ఊపుకు లోపలి గాలి కంపిస్తుంది. తొలిచిన గొట్టం పొట్టిది కనుక శ్రుతి హెచ్చు. అందులోని పై స్వరాంశాలు, మనిషి చెవి అతి చురుగ్గా పట్టే 2,000–5,000 హెర్ట్జ్‌ల మేరకు చేరతాయి. డోళ్ల మధ్య కూడా అది వినిపించడానికి కారణం ఇదే.

మూడు రంధ్రాలతో మాటలెలా పలుకుతాయి? తెలుగులో గొంతు పెంచినా తగ్గించినా మాట మారదు. ఇగ్బోలో మారిపోతుంది. ‘అక్వా’ అనే మాటను స్వరాల ఎత్తుపల్లాలు మార్చి పలికితే ఏడుపు, బట్ట, గుడ్డు, మంచం అని నాలుగు అర్థాలు. ఒజా హల్లులనూ అచ్చులనూ వదిలేసి ఆ ఎత్తుపల్లాలనే పలుకుతుంది. ఒకే వరస ఎన్నో మాటలకు సరిపోతుంది కాబట్టి, వాదకుడు విడి మాట జోలికి పోడు. ఊరందరికీ తెలిసిన బిరుదునో సామెతనో నిండుగా ఊదుతాడు. వినేవాళ్లు మిగిలింది పూరించుకుంటారు.

2023లో నైజీరియా గాయకుడు కేసీ ‘ఒజాపియానో’ పాటలో ఈ వేణువును దక్షిణాఫ్రికా అమాపియానో సంగీతంతో జోడించాడు. అమాపియానోకు ప్రాణం ‘లాగ్ డ్రమ్’. పేరులో దుంగ ఉన్నా అందులో కొయ్య లేదు, అది కంప్యూటర్‌లో పుట్టిన మంద్రధ్వని. దాని వెనక ఉన్నది ఒక కంపనంతో మరో కంపనాన్ని మార్చే ఎఫ్‌ఎం పద్ధతి. దాన్ని 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టాడు, 1983లో యమహా డీఎక్స్7 సింథసైజర్ జనంలోకి తెచ్చింది. లాగ్ డ్రమ్ అడుగున, ఒజా పైన, మధ్యలో గాయకుడి గొంతు. ఒకరి చోటులోకి ఒకరు పెద్దగా రారు. ఆ పొత్తు అంత చక్కగా కుదరడంలో ధ్వనిశాస్త్రం పాలు చాలా ఉంది.

చిక్కు శ్రుతి దగ్గర. ఒజాను చేత్తో చెక్కుతారు, పియానో కొలతలకు కాదు. పాట శ్రుతినే వేణువుకు తగ్గట్టు జరపవచ్చు, లేదా ఊదినదాన్ని రికార్డు చేసి కంప్యూటర్‌లో సరిదిద్దవచ్చు. రెండోది సులువు. కానీ సరిదిద్దే సాఫ్ట్‌వేర్ ప్రతి స్వరాన్నీ దగ్గరి మెట్టు మీదికి లాగి, మధ్యలోని జారును చెరిపేసే ప్రమాదం ఉంది. ఆ జారు కూడా ఒజా పలుకులో భాగమే. ఇక ఊదినదాంట్లోంచి అర సెకను ముక్క కత్తిరించి పాటంతా తిప్పితే కూత మిగులుతుంది, పిలుపు పోతుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే తప్పించడానికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు. వాదకుణ్ణి స్టూడియోకు పిలిచి, అతని వేణువుకే పాటను శ్రుతి చేసి, అతను బిరుదు ముగించేదాకా లాగ్ డ్రమ్‌ను ఆపితే చాలు.